కనిపించని మంటను చూపించిన మా బావ

పెద్దలకు, పిల్లలకు, డిపో కార్మికులకు, పని మానుకుని వచ్చిన మా వీధివాళ్ళందరికీ నమస్కారం. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డవాళ్ళు మన్నించాలి. ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు.

నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. బడికి వెళ్ళింది తక్కువ. రోజు గడిచాక ఆ రోజు లెక్క రాసుకుని పడుకునే మనిషిని. ‘నువ్వే మాట్లాడాలిరా, మీ బావ వెంట తిరిగింది నువ్వే’ అంది మా అక్క. అందుకని నిలబడ్డాను.

ముందుగా ఒక మాట. బయట ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. మీకూ తెలుసు. బుడగల మాస్టారు గ్యాసు పేలి పోయారట అంటున్నారు. కాదండీ. మా బావ తన మంచం మీద, నిద్రలో, గుండె ఆగి పోయారు. చూసిన డాక్టరుగారు ముందు వరసలోనే ఉన్నారు, ఎవరైనా అడగవచ్చు. ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆదివారం మన వీధి ఒక నిర్ణయానికి రావాలి. బస్సుల్లో నింపడానికి డిపోలో కట్టిన హైడ్రోజన్ పంపును తెరవనివ్వాలా, వద్దా? ఆ సభలో మా బావ మాట్లాడాల్సింది. ఆయన లేరు. ఆయన బదులు ఆ పుకారు మాట్లాడకూడదు.

ఆయన సైన్సు మాస్టారు. ఉద్యోగం అయిపోయాక అందరూ విశ్రాంతి తీసుకుంటారు. మా బావ ఒక పాత వ్యాను బాగుచేయించుకుని, అందులో గొట్టాలూ సీసాలూ సర్దుకుని, బడి బడికీ తిరిగి హైడ్రోజన్ పాఠం చెప్పారు. నేను బండి నడిపేవాణ్ణి.

ఒక బడిలో పిల్లలు ఆయన్ని చూడగానే లేచి, అడక్కుండానే అప్పజెప్పేశారు. ‘ఉదజని రంగు, రుచి, వాసన లేని వాయువు!’ పుస్తకంలో హైడ్రోజన్ పేరు అదే కదా. బావ చెవులు మూసుకుని, ‘బాబోయ్, ఇంత గట్టిగా అరిస్తే అది పారిపోతుందర్రా’ అన్నారు. పిల్లలు నవ్వారు. అప్పుడడిగారు, ‘ఆ పేరు లోపల ఏముందో ఎవరైనా విప్పి చూశారా?’

ఎవరూ చూడలేదు. నేను మాత్రం చూశానా?

కిటికీ పక్కన, మంచి ఎండలో, సన్నటి గొట్టం చివర ఆయన ఆ గ్యాసును వెలిగించారు. మంట కనబడలేదు. వెలిగిందంటే ఎవరూ నమ్మలేదు. దాని మీద చల్లటి గాజు గిన్నె బోర్లించి పట్టుకున్నారు. గిన్నె లోపల మసకబారింది. ఆ మసక చుక్కలుగా మారింది. వెనక బల్ల మీదినుంచి ఒక పాప, ‘మాస్టారూ, మంటకి చెమట పట్టింది!’ అని అరిచింది. బావ ఆ తడిని వేలితో తీసి పాప అరచేతిలో పెట్టారు. ‘ఉద అంటే నీరు. జని అంటే పుట్టుక. నీటిని కన్న తల్లమ్మా ఇది. ఇన్నాళ్ళూ తల్లిని పేరు పెట్టి పిలుస్తున్నారు, బిడ్డని ఇవాళ చూశారు.’

మిత్రులారా, ఆ ప్రయోగం నేను ఎన్నిసార్లు చూశానో! చూసిన ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. మంటలోంచి నీళ్ళు! మంటను ఆర్పే నీళ్ళే మంట కడుపున పుట్టడం! మనం ముఖం కడుక్కుని పారబోసే దాంట్లో ఇంత కథ ఉందా? ఒకసారి నేను మంచినీళ్ళు తాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. ‘ఏరా బావమరిదీ, అందులో ఉన్న ఉదజని సూర్యుడికంటే ముసలిది. కాస్త మర్యాదగా తాగు.’ హాస్యానికే అన్నారు. నా చేతిలో గ్లాసు మాత్రం బరువెక్కింది. ఈనాటికీ గటగటా తాగలేను.

వ్యాను మీద బోర్డు రాసిన పెయింటరు ఉత్సాహం కొద్దీ ‘నీళ్ళతో నడిచే బండి’ అని బారెడు అక్షరాలతో రాశాడు. ఇక చూడండి జనం! ఒకాయన స్కూటరు తోసుకుంటూ, చేత్తో నీళ్ళ డబ్బా పట్టుకుని వచ్చి, ‘వడగట్టి పోయాలా మాస్టారూ, ఇలాగే పోసేయొచ్చా?’ అని అడిగాడు. బావ గుడ్డా, రంగు తుడిచే మందూ తెప్పించుకుని, అందరూ చూస్తుండగా ఆ అక్షరాలు తుడిచేశారు. ‘ఉండనీ బావా, జనం వస్తున్నారు కదా’ అన్నాను. ‘వచ్చినవాడు మోసపోయి వెళ్ళకూడదురా. నీళ్ళు కట్టెలు కావు, బూడిద. ఉదజని కాలిపోగా మిగిలిందే నీరు. బూడిదతో పొయ్యి వెలిగించమంటే మీ అక్క ఊరుకుంటుందా?’

అని, ఆ స్కూటరాయన చేతికి ఒక చిన్న మర ఇచ్చారు. దాన్ని తిప్పితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటు నీటిని విడగొడుతుంది. ఆయన తిప్పాడు, తిప్పాడు, చొక్కా తడిసేదాకా తిప్పాడు. గొట్టంలోకి కాసిని బుడగలు వచ్చాయి. ‘ఇంతేనా!’ అని ఉసూరుమన్నాడు. బావ అన్నారు, ‘చెయ్యి నొప్పి పుట్టింది కదా? ఆ కష్టం ఎక్కడికీ పోలేదు. ఆ బుడగల్లో దాక్కుంది.’ ఆ బుడగల్లోని గ్యాసును మళ్ళీ గాలితో కలిపి కరెంటుగా మార్చే పెట్టె ఒకటి ఉంది, దానిలోకి పంపారు. పెట్టెకు తగిలించిన బొమ్మ ఫ్యాను తిరిగింది. ‘చూడండి, తిరుగుతున్నది మీ చెయ్యే!’ ఆయన ఫ్యాను వంక చూశాడు. తన చేతి వంక చూసుకున్నాడు. ఫ్యాను ఆగేదాకా అక్కడినుంచి కదల్లేదు.

ఇక డిపో సంగతి. పంపు కట్టినవాళ్ళ ఆఫీసరు మొదటి సభలో ‘ఏ ప్రమాదమూ లేదు’ అన్నాడు. వెనకనుంచి మా బావ లేచి ‘ఉంది’ అన్నారు. ఒక్కటే మాట. హాలంతా గగ్గోలు. డిపో గేటుకు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ లేచి మా బావనే ఉతికి ఆరేసింది. ‘ఉందని తెలిసీ మా పిల్లల పక్కన పెట్టమంటారా? మీ ఇల్లు ఇక్కడ లేదుగా, మీకేం, ఎన్నైనా చెబుతారు!’

బావకు కోపం రాలేదు. మర్నాడు డిపో ఆవరణలోకి అందరినీ పిలిచి, ఎండలో సన్నటి మంట వెలిగించారు. కనబడదు. వాసన లేదు, పొగ లేదు. పొడుగాటి చీపురు ముందుకు చాచి, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళారు. చీపురు కొస భగ్గుమంది! అందరూ వెనక్కి దూకారు. ‘ఇదీ దీని గుణం. తేలికైనది, దారి దొరికితే ఆకాశంలోకి పోతుంది. దారి మూసేస్తే ఊరుకోదు. అందుకే పైకప్పు తెరిచి ఉండాలి, కారితే గంట మోగాలి, అనుమానం వస్తే చీపురు ముందు, మనిషి వెనక.’ మా అక్క పక్కనుంచి, ‘ఇంట్లో పుల్ల ముట్టని మనిషి ఊరందరికీ చీపురు పట్టడం నేర్పుతున్నాడు!’ అంది. భయంలోనే నవ్వాం. అంతకుముందు మేం భయపడ్డది దేనికో మాకే తెలియదు. ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత బావ ఇల్లు మారారు. డిపో గోడకు ఆనుకున్న వాటాలోకి. అక్కకు చెప్పిన కారణం, ‘టీ దగ్గరవుతుంది.’ టీ కొట్టావిడకు చెప్పింది వేరు. ‘ఇప్పుడు అడుగమ్మా, నా ఇల్లూ ఇక్కడే.’ ఆ ఇంట్లోనే పోయారు. గోడ పక్కన పోయారు కాబట్టే ఆ పుకారు పుట్టింది.

ఆదివారం పంపుకు ఒప్పుకోండని నేను అడగను. ఆయనా ఏనాడూ అడగలేదు. ‘ఎంతమంది వచ్చారని కాదురా, ఎన్ని ప్రశ్నలు వచ్చాయో చూడు’ అనేవారు.

నిన్న ఆ టీ కొట్టావిడ మా అక్క పక్కన చాలాసేపు కూర్చుంది. లేస్తూ అంది, ‘ఆదివారం వస్తానక్కా. ఒప్పుకోడానికి కాదు, అడగడానికి. మాస్టారు లేరని నా ప్రశ్నలు ఎగ్గొడితే ఊరుకోను.’ మా అక్క తల ఎత్తింది. ‘అడుగు. నేను చెబుతా. ఆయన పాఠం అన్నం ముందూ వెనకా విన్నదాన్ని. తెలిసింది చెబుతా, తెలియంది తెలియదంటా’ అంది.

కాబట్టి ఆదివారం మాట్లాడేది మా అక్క.

మిత్రులారా, నోరు మెదపని తరగతి అంటే మా బావకు పడేది కాదు. ‘అర్థమై ఊరుకున్నారా, భయపడి ఊరుకున్నారా?’ అని గుచ్చి గుచ్చి అడిగేవారు. ఈ ఒక్కసారికి ఆయన మనల్ని క్షమించాలి. అందరూ దయచేసి లేచి నిలబడండి. లేవలేని పెద్దలు కూర్చునే ఉండండి. ఆయన్ని అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న ఒకటి మనసులో తలుచుకుని, కాసేపు మౌనంగా ఉందాం. వెళ్ళేటప్పుడు ఆ ప్రశ్నను ఇక్కడ వదిలేయకండి. ఆదివారం పట్టుకురండి.