బాతు నూగు సంచిలో వెర్నన్ ప్రయాణం

సియెర్రా కొండల్లో తారు రోడ్డు ఆఖరయ్యే చోట ఓపల్ కొట్టు ఉంది. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా కొండల మీదుగా సాగే కాలిబాట పట్టినవాళ్ళంతా ఆ కొట్టు అరుగు మీద ఓ పూట కూలబడి, బూట్లలో ఇసుక దులుపుకుని ముందుకు పోతారు. వెర్నన్ మాత్రం పోడు. ఆ బాట మొత్తం ఆయన ఎప్పుడో నడిచేశాడు. ఇప్పుడు ఏటా వేసవికి వచ్చి, అరుగు మీద కుర్చీ వేసుకుని, కొత్తవాళ్ళకి సలహాలిస్తాడు. సలహా ఉచితమే, కానీ కథ వినకుండా అక్కణ్ణుంచి లేవడానికి వీల్లేదు.

ఆ మధ్యాహ్నం ఆయనకి మారిబెల్ దొరికింది. ఫ్రెస్నో పట్నంలో స్కూలు బస్సు నడిపే మనిషి. నిరుడు ఇదే కొండెక్కి, మొదటి రాత్రే చలికి తాళలేక దిగి వచ్చేసింది. "జూలైలో చలేంటమ్మా?" అని ఇంట్లో పిల్లలు ఏడాది పొడుగునా ఏడిపించారు. ఈసారి పైనున్న కనుమ దాటి తీరాలని పంతం పట్టి వచ్చింది. దాటాలంటే వెచ్చటి స్లీపింగ్ బ్యాగ్ కావాలి. వెచ్చటిది బరువు, మోకాళ్ళా బరువంటే మొరాయిస్తాయి. ఓపల్ దగ్గర బాతు నూగు కూరిన సంచులు రెండే మిగిలాయి. ఒకటి పౌను కూడా తూగదు, రెండోది దానికి రెట్టింపు. రెండూ ఒళ్ళో పెట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చుంది పాపం.

"ఆలోచించేదేముందమ్మా, కళ్ళు మూసుకుని తేలికది పట్టుకో," అన్నాడు వెర్నన్. "నేను నడిచినప్పుడు నాదీ అలాంటిదే. ఇదే కనుమ కింద, బండల మీద మంచు పేరిన రాత్రి, ఒక్క చొక్కాతో పడుకున్నా. ఎంత హాయిగా నిద్రపట్టిందనుకున్నావు!"

"ఒక్క చొక్కాతోనా?" మారిబెల్ ముఖం విప్పారింది. ఆవిడ ఎవరి నోటైనా వినాలనుకున్న మాట అదే.

"అదీ ఎక్కువై, చెమట పట్టి విప్పేశా! మంచి నూగంటే మాటలా? గుప్పెడు తీసి దులిపితే గంపెడవుతుంది. నాదెంత తేలికంటే, ఈ కొట్టు కాటా మీద పెడితే ముల్లు సున్నా దాటి కిందికి పోయింది, కావాలంటే ఓపల్‌నడుగు. దాన్ని సర్దితే నా మూట బరువు పెరగడం పోయి తగ్గింది. గాలికి కొట్టుకుపోతానేమోనని జేబుల్లో రాళ్ళేసుకుని నడిచా."

"మరి ఆ రాళ్ళ బరువో?" అన్నాడు డ్వేన్. బొబ్బలెక్కిన కాళ్ళు బకెట్‌లో పెట్టుకుని అరుగు చివర కూర్చున్న బాటసారి అతను.

"నువ్వు కాళ్ళు నానబెట్టుకో నాయనా, పెద్దాళ్ళ మాటలకి అడ్డురాకు. ఎక్కడున్నాం? ఆఁ, చలి. మంచి నిద్రలో ఉన్నానా, చెవి మీద వెచ్చగా ఊపిరి తగిలింది. చూస్తే ఎలుగుబంటి! నా తిండి డబ్బా కోసం వచ్చిందనుకున్నా. ఊహూఁ, చలి కాచుకోవడానికొచ్చింది. పక్కన చేరి పడుకుంది, కాసేపటికి ఉక్కపోసి పంజాతో విసురుకోవడం మొదలెట్టింది. ఆ పైన ఏమైందో ఊహించండి చూద్దాం?"

"అది కూడా చొక్కా విప్పేసిందా?" కొట్టులోంచి ఓపల్ గొంతు.

"చుట్టూ మంచంతా కరిగిపోయిందే తల్లీ! నేను పడుకున్న చోట చెరువైంది. తెల్లారేసరికి అందులో ట్రౌట్ చేపలు ఎగురుతున్నాయి, ఎలుగుకి అక్కడే ఫలహారం."

"నూగు తడిస్తే పనికిరాదంటారే?" అంది మారిబెల్ అనుమానంగా.

"తడవనిస్తే కదా! నీళ్ళు దాన్ని తాకీ తాకగానే ఆవిరైపోయాయి. అసలు సంగతి ఇప్పుడుంది, విను. ఆ ఆవిరి చూసి, ఉత్తరానికి పోతున్న అడవి బాతుల గుంపొకటి కిందికి దిగింది. అవి పైనుంచి అరిచాయి. లోపలున్న నూగుకి పాత చుట్టాల గొంతు వినబడిందేమో, సంచి ఒక్కసారి ఉబ్బింది చూడు! జిప్పు ఇరుక్కుపోయింది. నేను లోపలే ఉన్నా. లేచాం! కనుమ మీంచి, ఒరెగాన్ అడవుల మీంచి, అగ్నిపర్వతాల మీంచి. దారి తెలిసినవాణ్ణి కదా అని నన్నే ముందుండమన్నాయి. ముసలి బాతొకటి అలిసిపోతే నా వీపు మీద ఎక్కించుకున్నా. కెనడా సరిహద్దు స్తంభం దగ్గర పువ్వులా దించి, సెలవు తీసుకుని మరీ పోయాయి. అదీ నూగంటే!"

డ్వేన్ పడీ పడీ నవ్వాడు. మారిబెల్‌కి నవ్వు రాలేదు. రేపు రాత్రి ఆ బండల మీద పడుకోవలసింది ఆవిడే. ఈ సోదిలో నిజమెంతో తేలితే గాని ఆవిడ సంచి తేలదు.

"అయితే వెర్నన్ గారూ, కనుమ నుంచి కెనడా దాకా మీరు నడవలేదన్నమాట," అంది.

డ్వేన్ నవ్వు ఆపి ఇటు తిరిగాడు. ఎలుగు మీదా చేప మీదా అక్కడ ఎవరెన్ని కోతలు కోసినా చెల్లుతుంది. అడుగుల దగ్గర మాత్రం చెల్లదు. అలసిపోయి అర మైలు ట్రక్కెక్కినవాడు కూడా మళ్ళీ ఎక్కిన చోటికే వచ్చి నడవాల్సిందే, లేకపోతే బాట నడిచానని చెప్పుకునే హక్కు లేదు.

ఓపల్ గుమ్మంలోకి వచ్చింది. "అవునయ్యా! మొత్తం నడిచిన మనిషివని ఇన్నేళ్ళూ పిలిచి కాఫీ పోస్తున్నా. ఎగిరావా?"

వెర్నన్ ముఖం కందగడ్డయింది. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచాడు.

"ఎవరే ఎగిరింది? ప్రతి అడుగూ ఈ కాళ్ళతోనే వేశా! బాతుల్లేవు, గీతుల్లేవు. ఆ సంచిలో దూరితే పళ్ళు టకటకమని కొట్టుకున్నాయి. ఇంత చలికి ఆగుతుందని దాని చీటీ మీద వేసే అంకె మనిషి చావకుండా ఉండటానికే గాని నిద్రపోవడానికి కాదని నాకప్పుడేం తెలుసు? పడుకుంటే పోతానని లేచి, దాన్నే భుజాలకి చుట్టుకుని తెల్లార్లూ నడిచా. కనుమ దాటింది అట్లాగే. కానీ నడిచా! నడిచే దాటా!"

మారిబెల్ తేలిక సంచిని తీసి ఓపల్ చేతిలో పెట్టింది. "నాకు ఈ బరువైనదే ఉంచండి."

వెర్నన్ ఆవిడ మోకాళ్ళ వంక చూసి, "ఆ మూట ఇటు తే," అన్నాడు. విప్పి ఒక్కొక్కటే అరుగు మీద పడేశాడు: రెండు జీన్సు ప్యాంట్లు, మడత కుర్చీ, లావుపాటి నవల. ఆఖర్న ఇనప పెనం.

"ఇది కొండెక్కి ఏం చేస్తుందమ్మా?"

"టోర్టిల్లా రొట్టెలు కాల్చుకుందామని... మా అమ్మది."

"మీ అమ్మ పెనం నువ్వు తిరిగొచ్చేదాకా ఓపల్ పొయ్యి మీద మహారాణిలా ఉంటుంది. నువ్వు బయల్దేరు."

బరువు సంచి సర్దాక కూడా, మూట ఎత్తుకుని చూస్తే వచ్చినప్పటి కంటే తేలిగ్గా ఉంది. ఆ ముసలాయన మీద మారిబెల్‌కి చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. బాట మొదట్లో ఇంకా నాలుగడుగులు వేసిందో లేదో, అప్పుడే అరుగెక్కిన ఇద్దరు కొత్తవాళ్ళతో ఆయన గొంతు సవరించుకోవడం వినబడింది.

"అదిగో, పోతోందే ఆవిడ, ఆవిడకి సరైన సంచి ఎంచి ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే!"

"ఇది ఏ బాతు చెప్పింది?" అన్నాడు డ్వేన్. ఓపల్ కిసుక్కుమంది. కొత్తవాళ్ళు కూడా నవ్వబోయారు.

మారిబెల్ ఆగి, వెనక్కి తిరిగి, బస్సులో వెనక సీటు పిల్లలకి కూడా వినబడే గొంతుతో అరిచింది.

"నిజమే! ఆయనే!"