ఆకుపచ్చ రిబ్బను

బడి వదిలేశారు. చరిత్ర మాస్టారు బోర్డు తుడుస్తుండగా, బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపుతోనే తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చిట్టి వాళ్ళ అమ్మగారు కదూ? రండి, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండీ. మా చిట్టి చేతికి రిబ్బను కట్టింది మీరేనా?"

"నేనేనమ్మా. పోయిన వారం, పాఠం కోసం. తాతల కాలంలో ఈ ఊళ్ళోనే, వేరే భాష మాట్లాడేవాళ్ళ చేతులకి ఆకుపచ్చ గుడ్డ కట్టించి, ఆఖరికి తరిమేశారు కదా. పుస్తకంలో రెండు ముక్కలు చదివితే పిల్లలకి ఏం ఎక్కుతుంది? అందుకని సగం మందికి రిబ్బన్లు కట్టి, వెనక బెంచీల్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళ కుండ ముట్టుకోవద్దని..."

"ఒక్క పూటే అన్నారట?"

"ఒక్క పూటే. మధ్యాహ్నానికి విప్పెయ్యమన్నాను. అందరూ విప్పేశారు."

"మాది విప్పలేదు. స్నానానికి కూడా విప్పదు. నేను ముట్టుకోబోతే చెయ్యి లాక్కుంటుంది. బళ్ళో మంచినీళ్ళు కూడా తాగట్లేదు. ఇంటికి రాగానే చెంబెత్తి గటగటా తాగేస్తోంది."

"నేనూ చూస్తున్నాను. ముందుకొచ్చి కూర్చోమంటే తల ఊపుతుంది, రాదు."

"పిల్లలు ఏమన్నా అంటున్నారా?"

"లేదమ్మా. ఎవరూ ఏమీ అనట్లేదు. ఆ పిల్ల వెనక్కి వెళ్ళి కూర్చుంటే... ఎవరూ ఏమీ అనట్లేదు."

"చీటీలో తన పేరు వచ్చిందని చెప్పింది."

"చీటీలోనని... చిట్టే చెప్పిందా?"

"ఆ. ఏం, చీట్లు తియ్యలేదా?"

"రాసి డబ్బాలో వేసి తెచ్చానమ్మా. అది నిజమే."

"ఆ సగం మందిలో దాని పేరూ రావాలా అని నాకు నిద్ర పట్టట్లేదు."

"అది ఆటేనమ్మా. మీరంతగా..."

"ఆట కాదు మాస్టారూ. మీ కడుపులో దాచుకుంటానంటే ఒకటి చెప్తాను."

ఆమె వరండా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మీరు పాఠం చెప్పిన వాళ్ళు... మా అమ్మావాళ్ళే."

"అమ్మా..."

"పేర్లు మార్చుకుని తిరిగొచ్చాం. మా అమ్మ జ్వరంలో పలవరిస్తూ కూడా, ఆ భాషలో మాట వస్తే తన నోరు తనే మూసుకునేది. ఇంట్లో ఆ ఊసే ఎత్తం. చిట్టికి ఏమీ తెలీదు. తెలీని పిల్లని ఆ చీటీ వెతుక్కుంటూ వచ్చి..."

"చీటీ రాలేదమ్మా."

"రాలేదా? అంటే మీరే ఎంచి కట్టారా? మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేను డబ్బా మూతైనా తియ్యలేదు. 'రిబ్బను ఎవరికంటే' అని ఇంకా మాట పూర్తి చెయ్యనే లేదు, మీ చిట్టి లేచి వచ్చి నా ముందు చెయ్యి చాపింది."