నాలుగు వందల పద్దెనిమిది పాటలు, సున్నా తప్పులు

ఏసేపు నోరు తెరిచినాడంటే కోడుమూరు బస్టాండులో బస్సులు కూడా ఒక నిమిషం ఆగి విని పోతాయని మద్దయ్య అంటుంటాడు. మద్దయ్య టీకొట్టుకూ ఏసేపు జెరాక్సు అంగడికీ మధ్య ఒకటే గోడ. పని లేనప్పుడు ఏసేపు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని ఈ పక్కకు వచ్చి బల్ల మీద కూర్చుంటాడు. పని ఉన్నప్పుడు కూడా వస్తాడు.

ఆ సోమవారం పొద్దున బల్ల మీద ముగ్గురున్నారు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లోడు తెచ్చి దించిన లారీ డ్రైవరు ఈరేష్ ఒకడు. కర్నూలు బస్సు కోసం చూస్తున్న నిస్సీ, ఆమెను సాగనంపడానికి వచ్చిన అవ్వ విశ్వాసమ్మ మిగతా ఇద్దరు. నిస్సీకి కర్నూల్లో ఉద్యోగం, కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. ఆదివారం చర్చికి ఊరికి వచ్చి సోమవారం పోతుంది. విశ్వాసమ్మకు డెబ్భై ఆరేండ్లు. సంఘంలో ఏ పాటైనా పుస్తకం చూడకుండా పాడగలిగింది ఆమె ఒక్కతే.

"ఏసేపా, మన పాటల పుస్తకం యాడికొచ్చింది?" అని ఆమే అడిగింది. తీగ లాగింది ఆమే.

"అయిపాయ కదమ్మా! శుక్రవారం రాత్రి నెట్టు రాంగానే పంపిచ్చేసినా. ఈ పొద్దు మధ్యాన్నం మిషనెక్కుతాది," అన్నాడు ఏసేపు.

సంఘానికి నూరేండ్ల పండగ దగ్గరికొచ్చింది. చేలల్లో కలుపు తీస్తూ, కళ్ళాల్లో చెనిక్కాయలు ఒలుస్తూ పాతకాలం ఆడవాళ్ళు కట్టుకున్న పాటలన్నీ కలిపి పుస్తకం వెయ్యాలని పెద్దలు అనుకున్నారు. టైపు చేసే పని ఏసేపుకు ఇచ్చారు. వాటిలో ఒక పాట విశ్వాసమ్మ అమ్మ కట్టింది. ఇంతవరకు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

"ఊరికే పంపిచ్చేస్తే తీసుకుంటారనుకున్యావా మద్దన్నా?" అంటూ ఏసేపు టీ గ్లాసు పక్కన పెట్టాడు. గ్లాసు పక్కన పెట్టాడంటే కథ పొడుగని మద్దయ్యకు తెలుసు, మంట తగ్గించాడు. "ప్రెస్సోళ్ళు ఎక్స్ఎంఎల్ ఫైలు కావాలన్నారు. అంటే ఏందనుకున్యావు? ఇది పల్లవి, ఇది చరణం, ఇది నంబరు అని ఒక్కొక్కదానికి గుర్తులు పెట్టి రాయాల. ఆ గుర్తులు యా వరసలో ఉండాల, ఏది కచ్చితంగా ఉండాల అని చెప్పే నియమాలు ఇంగో ఫైల్లో ఉంటాయి. దాని పేరు డీటీడీ. అది మన కాడ ఉండదప్పా, కర్నూల్లో ప్రెస్సోళ్ళ సైటులో ఉంటాది. మన ఫైలు మొదటి వరసలోనే రాసుంటాది, నా నియమాలు ఫలానా చోట ఉండాయి, ఆడికి పోయి చూసుకో అని."

"సరుకు ఈడ, తూకంరాయి ఆడ," అన్నాడు ఈరేష్.

"అద్దీ! మన ప్రోగ్రాము కర్నూలు దాకా పోయి, నియమాలు తెచ్చుకొని, ఒక్కొక్క పాటనూ నిలబెట్టి చూడాల. సరే, శుక్రవారం సాయంత్రం కూర్చున్యా. నెట్టు లేదు. యాడనో కేబులు తెగిందంట. ఫైలు తెరిస్తే చాలు, కర్నూలుకు పోవాలంటాది, దారి లేదంటాది, పడిపోతాది. ఇంగొకడైతే అంగడి మూసి ఇంటికి పోతాడు. నేనేం చేసినా? ప్రెస్సోళ్ళు ముందే మెయిల్లో పంపిన డీటీడీ కాపీ నా కాడుండాది. దాన్ని నా మిషన్లోనే పెట్టి, పది లైన్లు రాసినా. ఆ కర్నూలు చిరునామా కనపడితే అంత దూరం పోవద్దురా నాయనా, ఇదో ఈడనే ఉండాది చూసుకో అని. గమ్మున విన్నాదప్పా!"

నిస్సీ ఫోను మీంచి తల ఎత్తింది. "అది నువ్వే రాసినావా ఏసేపు మామా?"

"మల్లా ఎవరు రాస్తారు పాపా?"

"బాగుంది. మా ఆఫీసులో కూడా శానామందికి అది తట్టదు," అంది.

ఏసేపు ఛాతీ ఒక అంగుళం వెడల్పయింది. ఆ మాట నిజం కాబట్టి మరీ హాయిగా అనిపించింది. అక్కడే ఆపి ఉంటే బాగుండేది. కానీ ఈరేష్ నోరు కొంచెం తెరుచుకొని ఉంది, మద్దయ్య చేతిలో పాలగిన్నె ఆగిపోయి ఉంది. అట్లాంటి ముఖాలను వదిలిపెట్టి లేవడం ఏసేపుకు పుట్టినప్పటి నుంచి చేతకాదు.

"ఆ పైన ఏమైందో తెలుసునా? బటన్ నొక్కినా. నాలుగు వందల పద్దెనిమిది పాటలు. కన్ను మూసి తెరిచే లోపల అయిపాయ. తప్పులెన్ని? సున్నా!"

"ఒక్కటి కూడా లేదా?" అన్నాడు మద్దయ్య.

"ఒక్క చుక్క కూడా!"

ఆ మాట అంటున్నప్పుడే ఏసేపుకు శుక్రవారం సాయంత్రం తెర మీద వచ్చిన ఎర్ర వరసలు కళ్ళ ముందుకొచ్చాయి. ముప్పై ఒకటి. ఒకదాని కింద ఒకటి. గంటసేపు కుస్తీ పట్టాడు. ఏ వరస ఎందుకొచ్చిందో అంతు పట్టలేదు. కండ్లు మండినాయి. ఆ తర్వాత ఏం చేశాడో ఇప్పుడు తలుచుకోవడం ఇష్టం లేక గొంతు ఇంకొంచెం పెంచాడు.

"ఊరికే వదల్లేదు నేను. ఇంత బాగా పట్టే ప్రోగ్రామును పాటలకే పెట్టి ఊరుకుంటే ఎట్ల? పక్కన ఎవరిదో పెండ్లి పత్రిక ఉంటే అది కూడా దాంట్లో ఏసినా. చెప్పె కదప్పా, పెండ్లికూతురు లేదు అని! పత్రికలో పేరు ఇంత లావు అక్షరాల్లో ఉండాది. ఏందబ్బా అని వాళ్ళకు ఫోన్ చేస్తే, ఆ పిల్ల అప్పుడే టీచరు పరీక్ష రాస్తానని బస్సెక్కి పోయిందంట!"

"అయ్యో," అంది విశ్వాసమ్మ. "రాసిందా పరీక్ష?"

"పాసయింది కూడా అమ్మా."

"శుక్రవారం రాసి సోమవారానికి పాసయిందా!" అని ఈరేష్ నవ్వాడు.

"నువ్వుండప్పా, నీ లారీ సంగతి కూడా చెప్తా. నువ్వు మొన్న బిల్లు జెరాక్సుకు ఇచ్చి పోయినావే, దాన్ని కూడా ఏసినా. పద్నాలుగు చక్రాలు ఉండాల, పదమూడే ఉండాయి అని చెప్పె."

"నాకు పన్నెండే కదన్నా."

"అందుకే! ఒకటి ఎక్కువే కనపడింది దానికి, స్టెపినీ లెక్కేసింది," అన్నాడు ఏసేపు రెప్ప వెయ్యకుండా. "సరే, లారీ వదిలెయ్. శనివారం శ్రీశైలం పోతాండా, ఒళ్ళో ల్యాప్‌టాప్. ప్రోగ్రాము ఆపడం మర్చిపోయినా. ఘాట్ రోడ్డు ఎక్కుతాంటే అదంతట అదే చూసుకుంటాండాది. ఉన్నట్టుండి కూత పెట్టె, ఈడ ఒక మలుపు తక్కువుండాది అని. డ్రైవరు బస్సు ఆపి దిగి చూస్తే ఏముండాదనుకున్యారు? నిజమే! మలుపు ఉండాల్సిన చోట రోడ్డు నేరుగా గాల్లోకి పోతాండాది!"

మద్దయ్య పాలగిన్నె దించి పెట్టాడు. "మల్లా బస్సు ఎట్ల పోయిందన్నా?"

"నేను కూర్చొని మలుపు రాసిస్తే పోయింది."

టీకొట్టు అంతా నవ్వింది. నిస్సీ కూడా నవ్వింది. ఆ నవ్వు విని ఏసేపు ఇంకా పైకి పోయాడు. ఇంక పైన ఆకాశమే మిగిలింది.

"ఇంత చేసినోన్ని, వాన సంగతి చూడకుండా వదుల్తానా? కోడుమూరుకంతా ఒక ఫైలు రాసినా. చేను ఉండాది, విత్తనం ఉండాది, మనిషి ఉండాడు. నియమం ఏమి? వాన కనీసం ఒకటైనా ఉండాల. ఏసి చూస్తే తప్పు చూపిచ్చె, వాన లేదు అని. నేనే చేత్తో ఒక వాన రాసి పెట్టినా. నిన్న సాయంత్రం నాలుగు చినుకులు పడలేదూ?"

మద్దయ్య ఆకాశం వైపు చూశాడు. నిజంగానే నిన్న నాలుగు చినుకులు పడ్డాయి. మద్దయ్యకు మూడెకరాల చెనిక్కాయ ఉంది, ఆకు ముడుచుకొని ఉంది.

"నాలుగేనా అన్నా?" అన్నాడు మద్దయ్య. "ఇంగ రెండు లైన్లు ఎక్కువ రాసుంటే నీ చెయ్యి పడిపోతాండెనా?"

ఈసారి ఈరేష్ బల్ల మీద గుద్ది నవ్వాడు. నవ్వులు తగ్గాక నిస్సీ మెల్లగా అడిగింది. వెక్కిరింపు లేదు, తోటి పనివాణ్ణి అడిగినట్టే అడిగింది.

"ఏసేపు మామా, తప్పు దొరికితే ఏం చెయ్యమని రాసినావు?"

"ఏం చెయ్యమని అంటే?"

"ప్రోగ్రాము తప్పు పట్టుకుంటాది. పట్టుకొని మనకు చెప్పాల కదా. ఎట్ల చెప్పాలో మనమే ఒక చోట రాసిపెడతాము. ఆ చోట ఏం రాసినావు?"

ఏసేపు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. టీ చల్లారిపోయింది. అయినా తాగాడు.

"ఆ చోట..." అన్నాడు. "ఆ చోట ఏం రాయలేదు పాపా."

"ఖాళీనా?"

"ఖాళీ. మొదట ఉండె. ఊరికే అరుస్తాంటే తీసేసినా."

నిస్సీ అవ్వ వైపు, తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగింది. "తప్పులు లేకుండా పోలేదు. అది అన్నీ చూసింది, అన్నీ పట్టుకుంది. చెప్పే నోటికి మామ గుడ్డ కట్టినాడు. అందుకే సున్నా."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఏసేపుకు తేలికయ్యేది. విశ్వాసమ్మకు సగమే అర్థమయింది, ఆ సగం చాలు. "అయితే మా అమ్మ పాట ఎట్లుండాది ఏసేపా?" అని అడిగింది.

ఏసేపు ల్యాప్‌టాప్ బల్ల మీద తెరిచి నిస్సీ వైపు జరిపాడు. ఆమె ఆ ఖాళీ చోట రెండు లైన్లు రాసి బటన్ నొక్కింది. తెర మీద ఎర్ర వరసలు దిగాయి. ఒకే నంబరు రెండు పాటలకు పడింది. ఒక పాటకు చరణాలే లేవు. రెండు వందల ఆరో పాటకు పల్లవి లేదు.

"రెండు వందల ఆరు ఎవరిది?" అంది నిస్సీ.

ఏసేపు చూడకుండానే చెప్పాడు. "అమ్మోళ్ళ అమ్మది."

గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఏసేపు లేచి నిలబడ్డాడు. చెప్పిన మాట అందరి ముందే చెప్పాడు, విప్పడం కూడా అందరి ముందే కావాలనిపించింది. ఫోను తీసి ప్రెస్సుకు కలిపి స్పీకరు పెట్టాడు.

"నేను కోడుమూరు నుంచి ఏసేపును మాట్లాడతాండా. పాటల పుస్తకం ఫైలు పంపినా కదా, దాన్ని మిషనెక్కిచ్చొద్దండి సార్. దాంట్లో తప్పులుండాయి. నాకు తెలిసే పంపినా. తప్పు నాదే."

అవతల ఎవరో కాగితాలు తిప్పిన చప్పుడు. "ఏసేపు గారా? అది శుక్రవారం రాత్రే తిప్పి పంపినాం కదండీ. మా దగ్గర కూడా అదే డీటీడీతో చూస్తాం, ముప్పై ఒక్క తప్పు చూపిచ్చింది. లిస్టు కూడా మెయిల్ చేసినాం. మూడు రోజులాయ, చూడలేదా?"

ఈరేష్ నోట్లో టీ ముక్కులోకి పోయింది.

"పనిలో ఉండి చూడలేదండి," అన్నాడు ఏసేపు.

"ఏం పనిలో అన్నా, మలుపులు రాసే పనిలోనా?" అన్నాడు మద్దయ్య. ఏసేపుకు చెవులు వేడెక్కినాయి, కానీ ఛాతీలో శుక్రవారం నుంచి కూర్చున్న బరువు ఒక్కసారిగా లేచి పోయింది. బుధవారం లోపల సరిచేసి పంపితే చాలని చెప్పి అవతలివాళ్ళు పెట్టేశారు.

కర్నూలు బస్సు వచ్చింది. నిస్సీ దాన్ని చూసి, పదకొండు గంటల బస్సుకు పోతానని ఆఫీసుకు మెసేజ్ పెట్టి, బల్ల మీద సర్దుకొని కూర్చుంది. ఒక్కొక్క ఎర్ర వరస ఏం చెబుతుందో ఎట్లా చదవాలో చూపించింది. మూడో వరస నుంచి ఏసేపే చదివాడు. రెండు వందల ఆరు దగ్గరికి వచ్చేసరికి ఏది పల్లవో ఏది చరణమో తేలలేదు, అన్నీ ఒకటిగా కలిపి టైపు చేసి ఉన్నాయి.

"అమ్మా, పాడు," అన్నాడు ఏసేపు.

విశ్వాసమ్మ కొంగు సర్దుకొని, బస్టాండు అని చూడకుండా, కలుపు తీసేవాళ్ళ నడకలోనే పాడింది. ప్రతి చరణం తర్వాత మొదటి మాట దగ్గరికి తిరిగి వచ్చింది. "ఎండిన చేను మీద మంచై రావయ్యా." ఏసేపు ఆ వరసను తీసి పైన పెట్టి, పల్లవి అని గుర్తు పెట్టాడు. బటన్ నొక్కాడు. ఒక ఎర్ర వరస పోయింది. ఆమె పాడుతూనే ఉంది, అతడు ఆపమనలేదు.

పదకొండుకు పది నిమిషాలుండగా తెర ఖాళీ అయింది. ఈసారి నోటికి గుడ్డ లేదు, చెప్పడానికి ఏమీ లేక ఖాళీ అయింది. నిస్సీ బ్యాగు భుజాన వేసుకొని బస్సు వైపు పోయింది. కొట్టు దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తెర వైపు చూస్తున్నారు.

"ఏందన్నా, ఏమో శానా పెద్ద పనే చేసినట్టుండావే?" అని వాళ్ళలో ఒకడు అడిగాడు.

మద్దయ్య టీ వడగడుతూ ఏసేపు ముఖం చూశాడు. ఏసేపు గ్లాసు పక్కన పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ముప్పై ఒక్క తప్పులప్పా," అన్నాడు. "పెట్టింది నేను. పట్టింది ఆ పాప."