మంచి పురుగుల పొడి

గా బత్తాయిలు గాడ పెట్టు గజేందరన్నా. ఆయన ఇంక గంజి మీదనే ఉన్నడు. ఇప్పుడే కన్ను మలిగింది, లేపకు. వార్డు బయట కూసుందాం రా.

శుక్రవారం మీటింగుల మా ఇంటాయనను స్టేజీ ఎక్కిస్తనంటున్నవా? శాలువ కప్పుతవా? గోడ పట్టుకోకుండ బాత్‌రూముకు పోలేనోనికి శాలువ ఏం జేస్కుంటం అన్నా?

కోపం జేస్తలేను. తెలంగాణ దీక్ష శిబిరంల ఆయన కడుపు పట్టుకుంటే, ఉపాసం నొప్పి, పొద్దుగూకినంక నిమ్మకాయ నీళ్లు తాగితే పోతదంటివి. నీకేమెరుక? ఇంటికొచ్చి రాత్రంత మెలికలు తిరిగిండు. తెల్లారి నొప్పి ఒక్కపారి పోయింది. నవ్వుకుంట కుట్టు మిషన్ కాడ కూసోని చాయ్ పెట్టుమన్నడు. నేను గూడ అల్లాకు శుక్రియా చెప్పుకున్న.

గప్పుడే లోపల అపెండిక్స్ పగిలిందట. పగిలినంక జరసేపు నొప్పి తగ్గుతదట. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది, కడుపు చెక్క లెక్కాయె. ఆటోల తీస్కపోతుంటె తొవ్వ నిండ రాళ్లు, రాస్తారోకో. మనోళ్లే రాళ్లు జరిపి, ఆటో ముందల ఉరికి తొవ్వ జేసిన్రు. గది మాత్రం మర్వను.

కోసి చీము కడిగిన్రు. బతికిండనుకున్న. గని గంత పెద్ద మందులెక్కిస్తే ఇంకో బాధ మొదలాయె. ఒకటే మోషన్లు. కండ్లు లోపలికి వోయినయి. మందులు చెడ్డ పురుగులతోని పాటు పేగులల్ల ఉండే మంచి పురుగులను గూడ సంపినయని డాక్టరమ్మ చెప్పింది. మందు మార్చి, గీ పొడి ఇచ్చింది. ఇందుల మంచి పురుగులుంటయట. అందరికీ పనిచేస్తదని చెప్పలేను, కొందరికి జల్ది తగ్గుతది, తాగించుమన్నది. మా అత్త హుస్నాబీ వేడి చాయ్‌ల కలపవోయింది. వేడికి చస్తయట, సల్లటి నీళ్లల్లనే కలపాలె.

ఆయనేమో పురుగులు తాగనని మొండికేసిండు. నాకు మండింది. గంత నొప్పి పెట్టుకోని శిబిరంల ఎందుకు కూసున్నవని అడిగిన. గప్పుడు చెప్పిండు.

"నడుమల లేస్తే, అఫ్సర్ లేచిపోయిండనరు సమీనా. సాయిబులు గింతే అంటరు."

ఎవలన్నరని నన్నడగకు. నువ్వనవు, నాకెరుకే. గని గా భయం నీకెట్ల ఎరుకైతది అన్నా?

గ్లాసు పట్టుకోని ఏడ్చిన. అది సూడలేక తాగిండు. నిన్నటిసంది జర నయం. పొడి పనిచేసిందో, మందు మార్చినందుకో, డాక్టరమ్మ గూడ చెప్పలేనన్నది. పొద్దుగాల జరంత పెరుగు తిన్నడు. తిన్నంక ఏమడిగిండు? శిబిరంల ఎవలు కూసున్నరని.

నువ్వొక్క మాట పిలిస్తే లేచొస్తడు. గందుకే పిలువకు. నీకు దండం పెడుత.

నాకు తెలంగాణ వద్దని కాదు. మీ ఆడోళ్లతోని కలిసి నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వంట జేసినదాన్నే. గని ఆయనను ఆపరేషన్ రూములకు తీస్కపోయి తలుపేసిన్రు సూడు, గప్పుడు దువా చేసిన. తెలంగాణ రాకున్నా సరే, గీ మనిషిని నాకియ్యుమన్న.

గీ మాట ఆయనకు చెప్పకు.