తన సంతకాన్ని తానే పట్టించిన ఇంజనీరు గారు

1992వ సంవత్సరం జూన్ నెల పదిహేనవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదిన్నర గంటలకు మన సంస్థ రికార్డుల విభాగంలో సాంకేతిక సహాయకురాలిగా ఒక యువతి చేరారు. చేరిన రోజున కుర్చీ దొరకక, ప్రింటర్ వచ్చిన చెక్కపెట్టె మీదనే కూర్చుని సాయంకాలం దాకా పనిచేశారని అప్పటి పెద్దలు చెబుతారు. ఆనాడు పెట్టె మీద కూర్చున్న ఆమె, ముప్పైమూడు సంవత్సరాల పాటు కొన్ని వందల ఆసుపత్రుల రోగుల వివరాలను కంటికి రెప్పలా కాపాడి, ఈ నెలాఖరున సీనియర్ డేటాబేస్ ఇంజనీరు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ శుభసందర్భాన వెలువడుతున్న ఈ సంచికలో ఆమెను గురించి నాలుగు మాటలు రాసే అవకాశం రెండవ డేటా సెంటర్‌లో పనిచేసే ఈ వ్యాసకర్తకు దక్కింది. నాలుగు మాటలన్నారు గనుక నలభై అవుతాయని సంపాదకవర్గం ముందే గ్రహించి ఉంటుంది.

తొలి ఎనిమిదేళ్ళూ ఆమె ఉద్యోగం రోగుల కాగితపు కార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం. వైద్యుల దస్తూరి సంగతి తెలిసిందే. రాసినవారికే రెండోసారి అంతుపట్టదు. తోటివారు ఊహించి రాసుకుని ముందుకు సాగిపోయే చోట ఆమె చేయి ఆపి, వార్డుకు ఫోన్ చేసి, "అయ్యా, ఇది ఐదా, ఆరా?" అని అడిగితే గాని అంకె వేసేవారు కారు. రోజుకు ఇరవై ఫోన్లు. కార్డులు ఆలస్యమవుతున్నాయని పై అధికారులు, ప్రాణం తోడేస్తున్నారని డాక్టర్లు ఫిర్యాదు చేశారు. సంవత్సరాంతపు తనిఖీలో ఒక్క తప్పూ దొరకని దొంతర ఆమెదొక్కటే కావడంతో ఆ నోళ్ళు మూతపడ్డాయి.

ఉద్యోగం చేస్తూనే సాయంకాలపు తరగతులకు వెళ్ళి చదువుకుని, 2000లో ఇంజనీరుగా, 2008లో సీనియర్ ఇంజనీరుగా ఆమె పదోన్నతి పొందారు. ఆ చదువు రోజుల్లో గణితోపాధ్యాయులైన భర్తగారు ఇంటి భారాన్ని సగానికి పైగా తమ భుజాన వేసుకున్నారు. దాన్ని గురించి అడిగితే, "ఆయన వంట చేసేవారు, నేను లెక్కలు చేసేదాన్ని. కొన్ని రోజులు రెండూ మాడేవి" అని నవ్వేస్తారు.

2010లో సంస్థ తన ఏకైక పెద్ద యంత్రానికి వీడ్కోలు పలికి, రోగుల వివరాలను మూడు నగరాలలోని మూడు డేటా సెంటర్లలో మూడు ప్రతులుగా భద్రపరిచే విధానానికి మారింది. ఒకచోట ప్రమాదం జరిగినా మరొకచోట వివరం భద్రంగా ఉండాలన్నది దాని ఆశయం. అయితే ఒకే విషయం ముగ్గురికి చెప్పి ఉంచితే కొన్నాళ్ళకు ముగ్గురూ మూడు రకాలుగా చెప్పడం మనుషులకే కాదు, యంత్రాలకూ ఉన్న జబ్బు. అందుకని మూడు ప్రతులనూ సరిపోల్చి తేడాలు దిద్దే కార్యక్రమం ఒకటి ముగియగానే మరొకటిగా నిరంతరం నడుస్తూ ఉంటుంది. దానినే మేము రిపేర్ అంటాము. అది నడిచినంతకాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. ఆగిందంటే మాత్రం, ఏ హెచ్చరికా ఇవ్వకుండా, తెర మీద 'జరుగుతున్నది' అన్న ఒక్క మాటే చూపిస్తూ రోజుల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది.

అది ఆగితే వచ్చే నష్టం ఏమిటో ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఇక్కడ చెప్పక తప్పదు. వైద్యుడు ఒక మందును ఆపివేస్తే ఆ వివరాన్ని చెరిపివేస్తాము. చెరిపినట్టు పెట్టిన గుర్తు పది రోజులు మాత్రమే నిలుస్తుంది. ఆలోగా రిపేర్ పూర్తికాకపోతే గుర్తు మాయమైపోయి, ఆ కబురు అందని ప్రతిలో మిగిలిన పాత మందే మిగిలిన రెండు చోట్లకూ పాకుతుంది. అంటే డాక్టరు ఆపిన మందు ఆపనట్టుగా రోగి పట్టికలో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. అందుకే ఆ పది రోజులు మా వృత్తిలో లక్ష్మణరేఖ.

ఆగిన రిపేర్‌ను రద్దుచేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం మా అందరికీ అలవాటైన చిట్కా. ఆమె మాత్రం గదిలో అడుగుపెడుతూనే, "ఆగండి, ఎవ్వరూ ఏదీ ముట్టుకోకండి, ముందు చూద్దాం" అనేవారు. ఆ కారణంగా మూడు కేంద్రాలలోనూ ఆమెకు 'ఆగండమ్మ గారు' అన్న పేరు స్థిరపడిపోయింది. ఈ సంగతి ఆమెకు తెలియదని అందరమూ నిశ్చింతగా ఉన్న రోజుల్లో, ఆమె మూడవ కేంద్రానికి ఫోన్ చేసి, "నేను, ఆగండమ్మను మాట్లాడుతున్నాను" అన్నారు. అవతల ఫోనెత్తినవారు ఆ పూట భోజనం చేయలేదని వినికిడి.

ఇక 2014 సెప్టెంబరు నెల సంగతి. సంస్థ వార్షిక నివేదిక దానిని ఒక్క పంక్తిలో ముగించింది. ఈ వ్యాసకర్తకు మాత్రం అది ఒక్క పంక్తిలో ముగిసేది కాదు. అప్పటికి అతడు రెండవ కేంద్రంలో ఆపరేటర్‌గా చేరి పదకొండు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో భార్య, మూడేళ్ళ కవల పిల్లలు. ఆ బుధవారం మొదలైన రిపేర్ శుక్రవారం నాటికి ఆగిపోయింది. ప్రతులను సరిపోల్చడానికి అడిగిన లెక్కకు రెండవ కేంద్రం సర్వర్ జవాబివ్వలేదని, ఆమె పనిచేసే ప్రధాన కేంద్రం యంత్రాలు రాసుకున్నాయి. జవాబు పంపానని ఆ సర్వర్ రాసుకుంది. రెంటిలో ఏదో ఒకటి అబద్ధం కావాలి గనుక, దూరంగా ఉన్నవాడిదే అబద్ధమని తీర్మానమైపోయింది. రద్దు చేశారు, మొదలుపెట్టారు, మళ్ళీ ఆగింది. ఇలా మూడుసార్లు. పది రోజుల గడువులో ఆరు రోజులు కరిగిపోయాక, మంగళవారం ఉదయం అప్పటి సంచాలకులు ఫోన్ సమావేశంలో తేల్చి చెప్పారు.

"ఆ సర్వర్ చూసుకునేది ఎవడు? వాడికి పని చేతకాదని తెలిసిపోయింది. శనివారం లోగా ఇది నడవకపోతే వాణ్ణి తీసేసి ఇంకొకర్ని పెట్టండి."

ఇక్కడ ఫోన్ స్పీకర్‌లో ఉంది. 'వాడు' దాని పక్కనే నిలబడి ఉన్నాడు. గదిలోని వారంతా తమ తమ తెరల మీద ఏదో అత్యవసరమైన పని కనబడినట్టు తలలు దించుకున్నారు.

"ఆగండి" అన్న గొంతు ఫోన్‌లోనే వినిపించింది. "అబద్ధం మనిషిదో యంత్రానిదో నేను వెళ్ళి చూసొస్తాను. అప్పటిదాకా ఆ అబ్బాయిని ఏమీ అనకండి."

మరునాడు ఏడు గంటలు బస్సులో ప్రయాణం చేసి, మధ్యాహ్నం రెండింటికి ఆమె రెండవ కేంద్రానికి చేరుకున్నారు. చేతిలో ఒక సంచి, ఒక లావుపాటి నోటుపుస్తకం. సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరుకు చెవుల్లో దూది పెట్టుకుని, చలికి ఈ వ్యాసకర్త కోటు అడిగి తొడుక్కుని, యంత్రాల వరుసల నడుమ మడత స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆమె వేసిన మొదటి ప్రశ్నకు సర్వర్‌తో సంబంధం లేదు.

"భోంచేశావా బాబూ?"

"లేదు మేడమ్."

"ముందు తినిరా. ఇది ఎక్కడికీ పోదు. ఎలాగూ ఆగిపోయే ఉందిగా."

అతడు తిని వచ్చేసరికి నోటుపుస్తకంలో నిలువుగా ఒక గీత గీసి ఉంది. ఎడమ వైపు ఇక్కడినుంచి జవాబు బయలుదేరిన వేళ, కుడి వైపు ప్రధాన కేంద్రానికి చేరిన వేళ. అక్కడ ఒక సహోద్యోగి ఫోన్‌లో వేళలు చదువుతుంటే, ఇక్కడ ఆమె రాసుకుంటూ పోయారు. సాయంకాలానికి నలభై వరుసలు నిండాయి. ఒక్కో రకం వివరాలను విడిగా ఉంచే పట్టికలను మేము టేబుళ్ళంటాము. చిన్న టేబుళ్ళ జవాబులన్నీ చక్కగా చేరాయి. మందుల టేబుల్ ఒక్కటే అన్నింటికంటే పెద్దది. దాని జవాబు ఒక్కసారీ చేరలేదు. ఆమె మరొక నిలువు గీత గీసి, ప్రతి జవాబుకు సర్వర్ ఎంతసేపు లెక్క కట్టిందో రాశారు. పది నిమిషాలు పట్టినది చేరింది, పాతిక పట్టినది చేరింది, యాభై పట్టినదీ చేరింది. డెబ్భై నాలుగు నిమిషాలు పట్టినది మాత్రం చేరలేదు.

"ఇద్దరూ నిజమే చెబుతున్నారు బాబూ. వీడు పంపాడు. వాళ్ళకు అందలేదు. మధ్యలో ఎవరో తలుపేశారు" అన్నారామె.

రెండు కేంద్రాల నడుమ ఫైర్‌వాల్ ఉంటుంది. వచ్చేపోయే కనెక్షన్లను తనిఖీ చేసే కాపలా అది. గంటసేపు ఏమీ మాట్లాడని కనెక్షన్‌ను ఎవరికీ చెప్పకుండా మూసేయమని దానికి ఒక నియమం పెట్టి ఉంది. మందుల టేబుల్ లెక్క కడుతూ డెబ్భై నాలుగు నిమిషాలు సర్వర్ నోరు మెదపదు. తీరా జవాబు చెప్పే వేళకు వినే దారి మూతపడి ఉంటుంది. చెప్పినవాడు చెప్పాననుకుంటాడు, వినవలసినవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు. ఈ నియమం ఎవరు పెట్టించారో చూద్దామని, నెట్‌వర్క్ విభాగం వారిని పాత అభ్యర్థన పత్రం పంపమన్నారామె. గురువారం ఉదయం పదింటికి ఆ పత్రం తెర మీదకు వచ్చింది. 2011 మార్చి నెల. కారణం: ఖాళీగా వేలాడే కనెక్షన్ల వల్ల కలుగుతున్న భారం. అప్పటికి మందుల టేబుల్ లెక్కకు ఇరవై నిమిషాలకు మించి పట్టేది కాదు. అడుగున కోరినవారి సంతకం ఉంది. అది ఆమెదే.

ఈ వ్యాసకర్త చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశారు.

"ఎంత ధీమాగా పెట్టిందో చూడు మహాతల్లి. కింద గీత కూడా గీసింది" అన్నారు.

"మేడమ్, ఆ గంటను మూడు గంటలు చేయించేస్తే సరిపోతుంది కదా. కారణం ఏదో ఒకటి రాసేయవచ్చు" అన్నాడు అతడు.

"ఏదో ఒకటి అంటే?"

"సర్వర్ పాతదని..."

"అంటే మళ్ళీ నీ మీదకే. తప్పు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉందని రాస్తే ఎలా బాబూ? రేపు ఇంకెవరో ఆ రిపోర్టు నమ్మి అక్కడే తవ్వుకుంటూ కూర్చుంటారు."

వచ్చే సోమవారం విభాగాధిపతి పదవికి ఎంపిక సంఘం సమావేశమవుతున్నదనీ, జాబితాలో ఉన్న పేరు ఆమెదొక్కటేననీ ఆ గదిలోని ఇద్దరిలో ఒకరికే తెలుసు. ఆమె ఆ మాటే ఎత్తలేదు. లెక్క సాగుతున్నంతసేపూ అయిదు నిమిషాలకోసారి 'ఉన్నాను' అని యంత్రాలు ఒకదానికొకటి చెప్పుకునే ఏర్పాటు చేశారు. పెద్ద టేబుల్‌ను ఒక్క గుక్కలో కాక చిన్న చిన్న ముక్కలుగా సరిపోల్చేలా మార్చారు. గురువారం సాయంకాలం అయిదింటికి మొదలైన రిపేర్ శనివారం మధ్యాహ్నం మూడూ పదికి ముగిసింది. గడువు తీరడానికి ఇంకా నాలుగు గంటలుంది. ఆపిన మందు ఒక్కటీ ఏ రోగి పట్టికలోకీ తిరిగి రాలేదు.

నివేదికలో కారణం రాసేచోట ఆమె మూడే వాక్యాలు రాశారు. "2011 మార్చిలో నేను కోరి పెట్టించిన నియమమే దీనికి కారణం. డేటా పెరిగిన తరువాత దానిని తిరిగి చూడకపోవడం నా తప్పు. రెండవ కేంద్రం ఆపరేటర్ మొదటినుంచీ చెప్పినదంతా నిజం."

ఆ ఆపరేటర్ ఉద్యోగం మరుసటి నెలలో ఖాయమైంది. విభాగాధిపతి పదవి మరొకరికి వెళ్ళింది. ఆమె ఫైలులో ఒక మందలింపు చేరింది, ఆ తరువాత పదకొండేళ్ళూ ఆమె హోదా మారలేదు. కొత్త విభాగాధిపతిగారికి పని నేర్పినవారు కూడా ఆమే. ఆ సంగతి ఈ సంచిక ముందుమాటలో వారే పెద్దమనసుతో ఒప్పుకున్నారు. ఆనాటినుంచి ప్రతి మార్చిలోనూ, ఎవరు పెట్టించిన నియమాన్ని వారే తిరిగి చదివి, అవసరం తీరినదాన్ని తీయించే పద్ధతిని ఆమె ప్రవేశపెట్టారు. ఇప్పటికి నలభై ఒక్క నియమాలు తొలగిపోయాయి. అందులో పదిహేడు ఆమెవే, ఆ సంఖ్యను చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా కనిపిస్తుంది.

పోయిన నెల ఈ సంచికకు ఫొటో కోసం ఈ వ్యాసకర్త వారింటికి వెళ్ళడం జరిగింది. మాటల మధ్యలో వారి అమ్మాయిగారు, "మా అమ్మకు నోరు లేదండీ. గట్టిగా అడిగి ఉంటే ఆ పెద్ద పోస్టు ఎప్పుడో వచ్చేది. ఇన్నేళ్ళు చాకిరీ చేసి ఏం లాభం?" అన్నారు. భర్తగారు ఔనన్నట్టు తల ఊపారు. ఆమె టీ కప్పులు అందిస్తూ, "చక్కెర సరిపోయిందా బాబూ?" అని మాట మార్చేశారు. పదకొండేళ్ళుగా ఆమె ఇంట్లో ఈ సంగతి చెప్పనే లేదని ఆ క్షణంలో తెలిసి, అతడు టీ కప్పు కింద పెట్టేశాడు.

గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు అతడు అడిగాడు. "మేడమ్, ఇది సంచికలో రాయనా?"

"ఎప్పటి మాటలో ఇప్పుడెందుకు బాబూ?"

"వద్దంటారా?"

"రాస్తే నిమిషాలు సరిగ్గా రాయి. డెబ్భై నాలుగు. డెబ్భై అయిదు కాదు."

కనుక వారి అమ్మాయిగారికి ఈ వ్యాసకర్త సవినయంగా విన్నవించుకునేది ఇది. మీ అమ్మగారు నోరు విప్పవలసిన రోజున విప్పారు. మూడు వాక్యాలు చెప్పారు. వాటి మూలంగా మీ ఇంటికి రావలసిన పదవి రాలేదు, ఈ వ్యాసకర్త ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఈ రుణం తీరేది కాదని అతడికి తెలుసు. మీకు తెలియకుండా ఉండిపోవడం మాత్రం ఇక తగదనిపించింది.

సీనియర్ ఇంజనీరు గారు నిండు ఆరోగ్యంతో, తనివితీరా విశ్రాంతితో, తన వారందరి నడుమ నూరేళ్ళు చల్లగా ఉండాలని యావత్ సిబ్బంది తరఫున మనసారా కోరుకుంటున్నాము. ఈ వ్యాసకర్త కవలలకు ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఈ వ్యాసంలోని అక్షరదోషాలు దిద్దింది వారే. చివరిదాకా చదివి, ఈ ఆకాంక్ష కింద తమ పేర్లు కూడా రాయమని అడిగారు.