సబిత నోరు తెరిసిన దినం

"నాయనమ్మా, సోమవారం సంది నేను బడిల పాఠం చెప్పవోవాలె. నువ్వు బడిల వండినప్పటి ముచ్చట ఒకటి చెప్పరాదు."

నేనా? నేను పప్పు ఉడకవెట్టినదాన్ని బిడ్డా, పాఠాలు నాకేమెర్క. అయినా ఇను. ఎయిర్‌పోర్టు కొత్తగ తెరిసినంక ముచ్చట. కొత్వాల్‌గూడ దిక్కు బిల్డింగులు లేస్తుండె. ఒడిశా కెల్లి కూలోళ్లు వచ్చి రేకుల షెడ్లల్ల ఉంటుండిరి. గాళ్ల పిల్లనే సబిత. రెండో తరగతి... కాదు కాదు, మూడు.

గప్పుడున్న సారు కట్టె పట్టుకునే తిరుగుతుండె. తప్పు సదివితే బైట నా పొయ్యికాడ నిలవెడ్తుండె. సబిత రోజు గాడనే. మన తెలుగు ఆ పిల్లకు కొత్త గద. నోరు తెరిస్తే పోరలు నవ్వుడు, సారు కొట్టుడు. ఇగ తెరుసుడే బంద్ చేసింది. పొగకు కండ్లు మండినా కదలకపోయేది. ఉల్లిగడ్డ గప్పుడు మస్తు పిరం, సగం గడ్డతోనే పోపు ఏస్తుంటి... ఏం చెప్తున్న? ఆఁ, సారు బదిలీ అయిండు, టీచరమ్మ వచ్చింది. సాప పరిసి కథల బుక్కులు వెట్టి, "మీకేది ఇష్టమో అదే తీసుకోండి" అన్నది. ఒక్కలు ముట్టలే. భయం గట్ల పోతదా? మెల్లమెల్లగ ముట్టిన్రు. సబిత మేకపిల్ల బుక్కు ఒళ్లె వెట్టుకొని కూసునేది. సదవంగ ఎవ్వలు ఇనలే.

గంతల తనిఖీకి మండలాఫీసు కెల్లి పెద్దసారు వచ్చిండు. సబితను లేపి, పాఠం సదవమన్నడు. పిల్ల పెదవి కదలలే. నేను గంటె పట్టుకొని దర్వాజకాడ నిలవడ్డ.

"ఇన్నొద్దులు ఏం నేర్పిన్రమ్మా?" అన్నడు.

టీచరమ్మ మొకంల నెత్తురు లేదు. అయినా పిల్లను బెదిరియ్యలే. "ఏది సదువుతవో నువ్వే చెప్పు సబితా" అన్నది.

పిల్ల పోయి మేకపిల్ల బుక్కు తెచ్చింది. కూడబలుక్కుంట సదివింది. ఒక మాటకాడ ఆగిపోయింది. పక్కపోరి అందియ్యవోతే చెయ్యి అడ్డం వెట్టి, "చెప్పకు, నేనే చెప్త" అన్నది. పెద్దసారు ఏమో అనబోయిండు.

"జర ఆగండి సార్" అన్నది టీచరమ్మ.

పిల్లకు చెమటలు వట్టినయి గని, ఆ మాట సదివింది. బుక్కు ఒడిసేదాంక సదివింది. పెద్దసారు సంతకం వెట్టి పోయిండు. టీచరమ్మ నా పొయ్యికాడికొచ్చి, పీటమీద కూసొని ఏడ్సింది. ఇగ సబిత అయితే, మన పోరలకు వాళ్ల ఒడియా మాటలు నేర్పుడు షురూ చేసింది.

నువ్వు సల్లగుండు బిడ్డా. పోరలు యాడనన్న ఆగితే... ఇగ నేనేం చెప్త, నీకే తెలుస్తది.