మూతి లేవని బండి

"అమ్మమ్మా, టిఫిన్ బండిని ట్రాలీ లెక్క చేపిచ్చి, పికప్ ఎనక తగిలిచ్చుకొని ఊరూరు తిప్పుదామనుకుంటున్న. పికప్ ఏది కొంటె మంచిదంటవ్?"

ఏందీ? నన్నడుగుతున్నవా? అవ్, నన్నే అడగాలె! ఆగు, ఈ చింతపండు చాట పక్కకు పెట్టనీ. ఎన్నేండ్లకు బిడ్డా ఈ ముచ్చట అడిగేటోళ్లు దొరికిన్రు! అగో, ఆ ఫోను నా నోట్ల పెడ్తున్నవేంది, జర దూరం పెట్టి రికార్డు చేసుకో. ఆ మంచం మీద పండుకున్న మీ తాత కూడ ఇంటడు, ఇననీ. కండ్లు మూసుకున్నడు గానీ చెవులు మూసుకోలే ఆయన.

అప్పుడు సెల్లు ఫోన్లు గిట్ల చేతికొకటి లేవు. మన సంఘం మొత్తానికి ఒక్క ఫోనుండె, అదీ మన గూడెంల సిగ్నల్ రాక సారపాక దాక పోతేనే మోగేది. సంఘమంటే పొదుపు సంఘం, మన ఆడోళ్లది. చర్చిల స్త్రీల సమాజమోళ్లమే సగం మంది, కడమోళ్లు వాగవతల గుట్ట మీది కోయగూడెమోళ్లు. గంగక్క తెలుసు గదా నీకు? చిన్నప్పుడు నీకు తునికి పండ్లు తెచ్చేది. ఆ, ఆమెనే.

ఆ గంగక్క వడ్ల మూట నెత్తిన పెట్టుకొని గిర్నీకి వస్తావస్తా వాగుల జారి పడ్డది. కుడిచెయ్యి విరిగింది. నేనే దవాఖానాకు తోలుకపోయిన. పట్టీ కడ్తుంటె చెయ్యి సంగతి ఏడ్వలే ఆమె. "రత్నమ్మా, పిల్ల పెండ్లి పెట్టుకున్న, పెండ్లి బియ్యం ఎవరు దంచాలె?" అని ఏడ్సింది. ఇంటికి పోయి చూస్తె ఏముంది, పెండ్లిపిల్ల లచ్చే రోకలి పట్టింది. తన పెండ్లి బియ్యం తానే దంచుతుంది. అరచేతులు రెండూ పొక్కులు, వాటి మీద పసుపు. అప్పుడనేసిన, "గంగక్కా, గిర్నీని మీ వాకిట్లకు తోలుకొస్త. పెండ్లి బియ్యం ఈడనే పట్టిస్త" అని. నోరు నాదే గదా, అనేసిన. గిర్నీకి కాళ్లున్నయా నడిచి రానీకి?

వడ్లే కిందికి తోలుకపోతె అయిపోవు గదా అంటవ్. అనకు. గిర్నీకి తోలుకపోతె తవుడు, ఊక గిర్నోడే ఉంచుకుంటడు. తవుడు లేకుంటె గుట్ట మీదోళ్ల కోళ్లు, పందులు ఏం తినాలె? పైగా ఒక్క పెండ్లితోటి అయిపోద్దా? అన్ని ఇండ్లల్ల రోజూ రోకలి మోగుడేనాయె. గిర్నీయే గుట్టెక్కాలె. అదీ నా పంతం.

ఇంగ మీ చిన్నతాత శామ్యేలు, ఇల్లందు బొగ్గు బాయి వర్క్‌షాపుల వెల్డింగు చేసేటోడు. నేనడిగిన్నో లేదో, పాత ఇనుప సామాను తెచ్చి రెండు చక్రాల ట్రాలీ చేసి, దాని మీద వడ్లు పట్టే హల్లరు, ఇంజను బిగిచ్చి పెట్టిండు. ఎంత ముద్దుగుండెనో! పచ్చ రంగేసిండు. కాకపోతె లాగేటందుకు ఏమీ లేదు. ముందుగాల బండి కొని ఎనక ట్రాలీ చేపిచ్చుకుంటరు ఎవరన్న. మేము ట్రాలీ చేపిచ్చి, బండి కోసం ఎతుకుడు మొదలువెట్టినం. ఊళ్లె ట్రాక్టర్లన్నీ జామాయిల్ కట్టె తోలుడు మీదుండె, కిరాయికి రమ్మంటె ఒక్కడు రాలే.

సరే, పొదుపు పైసలతోని కొనే సంఘం బండి గదా, అందరం చూసే కొందామని ఒక జీపు మాట్లాడుకొని ఖమ్మం పోయినం. జీపు నిండ ఆడోళ్లమే. మొగోళ్లంటె మీ తాత ఒక్కడు, డ్రైవింగు వచ్చు గాబట్టి. ఆ బైపాసు మీద పాత బండ్లమ్మే ఖాజా భాయ్ అని ఉండె, మంచి మనిషి. మేమంతా దిగుతుంటె "ఏందమ్మా, పెండ్లికి పోవాల్నా?" అన్నడు. "పెండ్లికే, గానీ బండి కిరాయికి కాదు భాయ్, కొననీకి" అన్న.

రెండు బండ్లు మా మనసున పడ్డయి. ఒకటి ఎర్రది. ఎర్రుపాలెం రైతుదంట, మిర్చి తోలిండంట. పొడుగ్గ, మెరుస్తుండె. ఇంకోటి తెల్లది, తెల్లదంటె ఒకప్పుడు తెల్లది. పొట్టిది, మొఖమంత మచ్చలు. మీ తాత ఎర్రదాని చుట్టూ తిరిగిండు సూడు, కొత్తల్లుడు తిరిగినట్టు! ఎద్దును కొన్నట్టే కొంటున్నడాయన. టైర్లు ఒత్తిండు, మూతి నిమిరిండు, నాలుగడుగులు నడిపిచ్చిండు.

నేనన్న, "గట్ల కాదు, బరువు పెట్టి చూడాలె. బరువు పడితె మూతి లేపుద్దా లేదా చూడాలె." ఎడ్లబండికి గంతే గదా. ఎనక బరువైతె ఎడ్లను కట్టే నొగ పైకి లేసి ఎడ్ల మెడలు బిగుస్తయి. మీ తరానికి ఎరుక లేదు గానీ, మా నాయిన బండి కట్టినప్పుడల్లా అమ్మను, నన్ను ముంగటికి జరిపి కూసోబెట్టేటోడు. సరే, బరువేది? మేమే బరువు! "ఎక్కున్రే" అన్న. అందరం ఎర్రదాన్ల ఎక్కినం. ఖాజా భాయ్ పరేషాన్. మూతి ఇంచు లేవలే. తెల్లదాన్ల ఎక్కినం, అదీ లేవలే. రెండూ ఒక్కతీరే ఉన్నయంటె ఇంగేముంది, మీ తాత ఎర్రదే అన్నడు. ఎర్రదే అనుకున్నం.

ఖాజా భాయ్ మంచోడని చెప్పిన గదా. "తీసుకపోయి మీ తొవ్వల నడిపి చూడున్రి, నచ్చితెనే బేరం" అన్నడు. పాటలు పాడుకుంట వచ్చినం బిడ్డా, అంత కుశాలు! ట్రాలీ తెచ్చి ఎర్రదాని తోకకు కొక్కెం ఏసి తగిలిచ్చినం, అందరు తగిలిచ్చినట్టే.

వాగుల నీళ్లు తక్కువనే ఉండె, మోకాళ్ల కింద. దిగుడు మంచిగ దిగింది. అవతలి గడ్డ ఎక్కాలె, నిట్టనిలువు అది. గడ్డ మీద గూడెం గూడెమంత నిలవడ్డది. గంగక్క పట్టీ చెయ్యి మెడకు ఏలాడేసుకొని ఎడమచేత్తోని రా రా అని పిలుస్తుంది. సగం దాక ఎక్కింది సూడు, ఎర్రదాని మూతి లేసింది! ముంగటి చక్రాలు నేలను ఆనతనే లేవు. మీ తాత స్టీరింగు ఇటు తిప్పుతుండు, బండి అటు పోతుంది. "రత్నా, మాట ఇంటలేదే ఇది!" అని ఒర్రుడు. నా పానం పోయింది. మెల్లగ ఎనకకు జారి, ట్రాలీ పోయి ఇసుకల కూసున్నది. ఎవరికీ ఏం గాలే, దేవుని దయ. పైనున్న గంగక్క చెయ్యి దించేసింది. లోపటికి పోయింది. జరసేపటికి గుట్ట మీద రోకలి సప్పుడు మళ్ల మొదలైంది. ఆ సప్పుడు ఇంటుంటె నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చినయి.

ఇంగ ఇంటికి రావాలె గదా, మన దిక్కు గడ్డా నిటారే. ఏం చేసినం తెలుసా? బలమైనోళ్లం నలుగురం ఎర్రదాని బానెట్టు మీద కూసున్నం! అవ్, నేను కూడ. నవ్వకు. మా బరువుకు మూతి దిగింది, బండి ఎక్కింది. కింద ఇంజను వేడి, మీద మేము. మీ తాతకు తొవ్వ కనవడ్తలేదు, "జర పక్కకు జరుగున్రే" అంటడు, జరిగితె పడ్తం.

ఆ బానెట్టు మీద కూసున్నప్పుడు తట్టింది నాకు. మేము మూతి మీద కూసుంటె దిగింది. మరి ఖాజా భాయ్ కాడ యాడ కూసున్నం? గుర్తు చేసుకుంటె, ఒక్కోళ్లం ఎక్కంగనే ముంగటికి జరిగి కేబిన్ను ఆనుకొని కూసున్నం! ఎవరూ చెప్పలే. చిన్నప్పటిసంది ఎడ్లబండిల అలవాటు. తోక కాడ ఒక్కళ్లు కూసోలే. మరి మూతెందుకు లేస్తది? ఖమ్మం దాక పోయి బండిని చూసినమనుకున్నం గానీ, కూసునే తీరు చూసుకోలే.

శామ్యేలుతోని కొట్లాట పెట్టుకున్న. "ఎద్దుకు కాడి మెడ మీద పెడ్తరా, తోకకు కడ్తరా?" అన్న. ఆయన, "వదినా, లోకంల అందరు తోకకే తగిలిస్తరు, ట్రాక్టరు చూడు" అన్నడు. "ట్రాక్టరు చక్రం ఎంతుంటది, దీని చక్రం ఎంతుంటది? దీని ఎనక చక్రాలు దాటి ఇంత తోక మిగిలుంది, దాని కొసకు కడితె మూతి లేవక ఏమైతది?" ఆయన బీడీ ఆర్పిండు. నేల మీద పుల్లతోని గీసుడు మొదలువెట్టిండు. ట్రాలీ మెడను కొంగ మెడ లెక్క పైకి వంచి, తెచ్చి సామానేసే పికప్ డబ్బాల, ఎనక చక్రాలకు సరిగ్గ నడిమీద గుంజ పాతి దాని మీద పెట్టాలె. నేను చెప్పింది సగమే, ఆ కొంగ మెడ ఆయనదే. మాదిద్దరిదీ అది.

ఎర్రదాన్ని వాపసు ఇయ్యనీకి మళ్ల ఖమ్మం పోయినం. అదే జీపు, అదే ఆడోళ్లం. ఈసారి నేను కింద నిలవడ్డ. "తోక కాడ కూసోన్రే, ముంగటికి జరిగినోళ్ల కాళ్లిరగ్గొడ్త" అన్న. ఎర్రదాన్ల కూసున్నరో లేదో, మూతి లేపింది, అడుగున బరువు మోసే కమాను పట్టీలు కిర్రుమన్నయి. తెల్లదాన్ల కూసున్నరు. కూసున్నరు, ఇంక కూసున్నరు, ఎగిరి కూడ చూసిన్రు! మూతి నేలకు మొక్కినట్టే ఉన్నది. పొట్టి తోకాయె, ఎనక కమాను పట్టీలు మందం. "ఇదీ మన పిల్ల!" అని అరిసిన. ఆ అడ్డాల పనిచేసేటోళ్లంత ఉరికొచ్చిన్రు ఏమైందోనని.

బేరం ముచ్చట ఇను. మీ తాత అలవాటు కొద్ది భుజం మీది తువ్వాల తీసి, ఖాజా భాయ్ చేతి మీద కప్పిండు, ఎడ్ల సంతల ఏళ్లు పట్టుకొని బేరమాడినట్టు. నేను సిగ్గుతోని చచ్చిన, కార్లమ్మేటాయనకేం తెలుస్తది ఇదని. ఆయనేమో నవ్విండు. "మా బావా ఎడ్ల బేరగాడే" అన్నడు. బావా అంటె వాళ్లల్ల నాయినే. తువ్వాల కింద ఏళ్లు కదులుతున్నయి, మీ తాత తల అడ్డం ఊపుతుండు, ఖాజా భాయ్ అబ్బా అంటుండు. ఎంతకు కుదిరిందో సంఘం ముంగట చెప్పిండు గానీ, మొదలు ఎంతకు అడిగిండో నాకు ఇప్పటికీ చెప్పడు. సూడు, మంచం మీద నవ్వుతుండు.

పెండ్లి దగ్గర పడ్డది. శామ్యేలు తిండి మానేసి వెల్డింగు చేసిండు. పొద్దుగాల తెల్లదాన్ని తోలుకొని వాగు దిగినం. ఎనక ఆడోళ్లం తలా ఒక రాయి పట్టుకొని నడుస్తున్నం, జారితె చక్రం కింద పెట్టనీకి. పైన ఒక్కరు లేరు ఈసారి, నమ్మకం పోయింది పాపం. రోకలి సప్పుడొక్కటే ఇనవడ్తుంది.

ఎక్కుతుంది, ఎక్కుతుంది. సగం కాడికొచ్చింది, నేను చక్రాలే చూస్తున్న. ముంగటి చక్రాలు మట్టిని కరిచి పట్టుకున్నయి! మీ తాత ఇటు తిప్పితె ఇటు, అటు తిప్పితె అటు. గడ్డెక్కేసింది! చేతుల రాళ్లు పడేసి మేము చేసిన లొల్లికి గుట్ట మీద కుక్కలన్నీ ఉరికొచ్చినయి. రోకలి సప్పుడు ఆగింది.

గంగక్క వాకిట్ల ఇంజను స్టార్ట్ చేసిండు శామ్యేలు. వడ్లు పోసినం. గంగక్క వచ్చి ఎడమచెయ్యి కింద పెట్టింది. బియ్యం ఎచ్చగ ఆ చేతిల పడ్డయి. పిడికిలి మూసింది, తెరిసింది, మళ్ల మూసింది. నా దిక్కు చూడలే, బిడ్డను పిలిచింది. "లచ్చీ, రోకలి ఆ మూలకు పెట్టు. పోయి చేతులకు నూనె రాసుకో. పెండ్లిపిల్లవు గదనే నువ్వు" అన్నది. గంతే అన్నది. లచ్చి నిలవడి ఆ పొక్కుల చేతులతోని మొఖం కప్పుకొని ఏడ్సింది. నేను కూడ ఏడ్సిన. పెండ్లికొడుకు దిక్కోళ్లు గింత తెల్లటి బియ్యం ఎట్ల దంచిన్రని అడిగిన్రంట!

ఏందంటున్నవ్? అవ్, ఏ పికప్పని గదా నువ్వడిగింది. నాకు ఇప్పటి కంపెనీల పేర్లు తెల్వయి. తోక పొట్టిగుండాలె, ఎనక కమాన్లు గట్టిగుండాలె, కాడి మెడ మీదుండాలె. అంతకన్న ఏముంది. రంగు చూసి మోసపోకు, మీ తాత లెక్క.

గంగక్కకు ఫోన్ కొట్టు. రేపు పొద్దుగాల రమ్మను, పికప్పులమ్మేకాడికి అందరం పోదాం. ఇద్దరం ముసలోళ్లమైనం గానీ బరువు తగ్గలే, ఇంక పెరిగినం. మేము తోక కాడ కూసుంటం, నువ్వు ముంగట నిలవడి మూతి చూడు. మీ తాతను తువ్వాల ఏసుకొని రమ్మంట. నీ చేతులకు పొక్కులు రావొద్దు, నీ బండి మూతి లేవొద్దు, సల్లగుండు బిడ్డా.